బ్రౌన్‌ఫీల్డ్ పరీక్షా గ్రాంట్లు

మూతపడిన ఫ్యాక్టరీలు, గోదాములు, పాత పెట్రోలు బంకులు ఉన్న స్థలాల్లో నేల, నీరు ఎంతవరకు చెడిపోయాయో తేల్చడానికి అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధులు ఇవి. కాలుష్యం వల్లనో, ఉండవచ్చన్న అనుమానం వల్లనో తిరిగి వాడకంలోకి రాలేకపోతున్న స్థలాన్ని అక్కడ బ్రౌన్‌ఫీల్డ్ అంటారు. దేశం మొత్తంమీద ఇలాంటివి 4,50,000కు పైగా ఉంటాయని పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ అంచనా.

ఈ కథకు మూలం న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో ఉంది. అక్కడి లవ్ కెనాల్ అనే పాత కాలువ గోతిలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 దాకా సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను పూడ్చింది. తర్వాత పైన మట్టి కప్పి, ఒక్క డాలరుకు ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు రాసిచ్చింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు వెలిశాయి. పూడ్చిన రసాయనాలు పైకి ఊరడంతో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. 1980 డిసెంబరు 11న ఆయన సంతకంతోనే సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది.

ఆ చట్టం ప్రకారం కలుషితం చేసినవారే కాదు, ప్రస్తుత యజమాని కూడా శుభ్రపరిచే ఖర్చుకు పూచీదారే. తప్పు అతనిదా కాదా అన్న ప్రశ్న లేదు. చట్టానికి ముందు జరిగినదానికీ అది వర్తిస్తుంది. మొత్తం ఖర్చును ఒక్కరి దగ్గరే రాబట్టనూవచ్చు. లవ్ కెనాల్ పిల్లలను తలచుకుంటే ఈ కఠినత్వం న్యాయమే. అయితే దాని దెబ్బ అనుకోని చోట కూడా తగిలింది. ఉక్కు, మోటారు పరిశ్రమలు కుదేలవుతున్న క్లీవ్‌లాండ్, డిట్రాయిట్ వంటి నగరాల్లో ఖాళీ స్థలాలు పేరుకుపోయాయి. చాలాచోట్ల కాలుష్యం కొద్దిపాటిదే కావచ్చు, కానీ తవ్వి చూడనిదే తెలియదు. కొనేవారు వెనకాడారు, బ్యాంకులు అప్పు ఇవ్వలేదు, పరీక్ష చేయిస్తే ఏం బయటపడుతుందోనని యజమానులు గేటుకు తాళం వేసి ఊరుకున్నారు. కొత్త పరిశ్రమలు ఊరి బయటి పొలాలకు తరలిపోయాయి. నష్టపోయింది ఆ గేటు పక్కనే బతుకుతున్న పేదలు, వారిలోనూ ఎక్కువగా నల్లజాతివారు.

1993లో క్లీవ్‌లాండ్ ఉన్న కయహోగా కౌంటీకి ఈపీఏ 2,00,000 డాలర్లతో తొలి ప్రయోగాత్మక గ్రాంటు ఇచ్చింది. శుభ్రపరచడానికి ఆ మొత్తం ఏ మూలకూ చాలదు. అది ఉద్దేశించింది తెలుసుకోవడానికి. అసలు ముడి పడింది అక్కడే కనుక ఆ ఎంపిక సరైనది. 1995 జనవరిలో ఈపీఏ అధిపతి కరోల్ బ్రౌనర్ ఈ కార్యక్రమాన్ని విస్తరించారు. సూపర్‌ఫండ్ జాబితాలో అనుమానితులుగా పడి ఉన్న సుమారు 25,000 స్థలాలను తొలగించారు. అదే ఏడాది బోస్టన్, ఫిలడెల్ఫియా, డిట్రాయిట్, ఓక్‌లాండ్, అట్లాంటాల్లో ఈపీఏ పర్యావరణ న్యాయ సలహా మండలి బహిరంగ చర్చలు జరిపింది. స్థలం బాగుపడితే అద్దెలు పెరిగి పాతకాపులే వెళ్లిపోవలసి వస్తుందన్న భయానికి నేటికీ పూర్తి సమాధానం దొరకలేదు.

పరీక్ష రెండు దశల్లో సాగుతుంది. మొదటి దశలో గడ్డపార పట్టరు. పాత దస్తావేజులు, విమాన ఛాయాచిత్రాలు, అగ్నిప్రమాద బీమా కోసం శాన్‌బార్న్ కంపెనీ గీసిన వీధి పటాలు తిరగేస్తారు. ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, చెక్కవాటికి పసుపు వేసిన ఆ పటాల్లో ఏ మూల నూనె ట్యాంకు ఉండేదో, ఎక్కడ రంగులద్దేవారో కనిపిస్తుంది. ఆపై స్థలమంతా నడిచి చూస్తారు, పాత యజమానులను, ఇరుగుపొరుగును అడుగుతారు. అనుమానం బలపడితే రెండో దశలో బోర్లు వేసి మట్టి, భూగర్భ జలం, నేలలోంచి వచ్చే ఆవిరుల నమూనాలను ప్రయోగశాలకు పంపుతారు.

ఇంతకాలం ప్రత్యేక చట్టం లేకుండానే నడిచిన ఈ పథకానికి 2002 జనవరి 11న జార్జి డబ్ల్యూ. బుష్ సంతకంతో చట్టబద్ధత వచ్చింది. ఏటా 20 కోట్ల డాలర్ల వరకు గ్రాంట్లకు కేటాయించవచ్చని అది చెప్పింది. సూపర్‌ఫండ్ పరిధిలోకి రాని పెట్రోలియం స్థలాలకూ వాటా పెట్టడంతో, ప్రతి చిన్న ఊళ్లోనూ కనిపించే మూతపడ్డ బంకులకు దారి దొరికింది. అంతకన్నా ముఖ్యం, కొనేముందు తగిన విచారణ చేసిన కొనుగోలుదారుకు, కొన్ని షరతులతో, పాత కాలుష్యపు పూచీ నుంచి రక్షణ కల్పించడం. ఆ విచారణ ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు 2006 నవంబరులో అమల్లోకి వచ్చాయి. కాలుష్యానికి కారకులైనవారు మాత్రం గ్రాంటుకు అనర్హులు.

2018 సవరణ లాభాపేక్ష లేని సంస్థలకూ పరీక్షా గ్రాంట్లు అందేలా చేసింది. 2021 మౌలిక సదుపాయాల చట్టం బ్రౌన్‌ఫీల్డ్ పనులకు 150 కోట్ల డాలర్లు కేటాయించింది.

భారతదేశంలో ఇలాంటి ప్రయత్నం 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో మొదలైంది. మన వైపు హైదరాబాదు కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడప చెత్తకుప్ప అందులో చేరాయి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం ప్రత్యేక నియమాలు ప్రకటించింది 2025లో.