గిన్నెలో గార, గుండెలో దడ

అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళ బోరునీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది. చింతపండు పెట్టి తోమినా ఓ పట్టాన వదలదు. ఆ గారలో ముఖ్యంగా ఉండేది కాల్షియం. వేరుశనగకు ఊడలు దిగే వేళ రైతులు వేసే జిప్సంలో ఉన్నదీ అదే; అది చాలకపోతే కాయలో గింజ నిండదు. అదే కాల్షియం లేకపోతే మన గుండె కూడా కొట్టుకోదంటే నమ్ముతారా?

ఈ సంగతి బయటపడిందీ నీళ్ళవల్లే. 1882లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టరుగారు కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పు కలిపిన నీళ్ళతో ఆడిస్తున్నారు. అవి డిస్టిల్డ్ వాటరే అనుకున్నారాయన. తీరా చూస్తే సహాయకుడు పోసినవి కుళాయి నీళ్ళు! నిజంగా డిస్టిల్డ్ వాటర్ వాడితే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్ళలోని కాల్షియమే గుండెను ఆడించిందని 1883లో ఆయన ప్రకటించారు. వంటింట్లో ఇలాంటి పొరపాటు జరిగితే మనకు దక్కేవి అక్షింతలే గానీ, చరిత్రలో చోటు కాదు లెండి.

సరే, మరి భయమేస్తే దడ ఎందుకు? మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది గుండె కణం లోపలికి పోదు. గుమ్మంలోనే నిలబడి కబురు చెబుతుంది. ఆ కబురు అందుకునేవి గ్రాహకాలు. అవి ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో ఆల్‌క్విస్ట్ చెప్పారు. గుండెలో పెత్తనమంతా బీటాదే.

గుమ్మంలో విన్న కబురును లోపలికి మోసేదెవరు? ఇక్కడ మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోవాలి. 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన కండరాల్లో ఏటీపీని కనుగొన్నారు. అది కండరానికి వంటచెరకులాంటిది. కబురు అందగానే కణం ఆ ఏటీపీ నుంచే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న దూతను తయారుచేస్తుంది. ఈ దూతను 1950ల చివర్లో కనిపెట్టిన సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశారు. తాను వెలికితీసిన పదార్థానికి ఈ రెండో ఉద్యోగం కూడా ఉందని ఆయనకు తెలియకుండానే పోయింది. నాకైతే మనసు చివుక్కుమంటుంది.

కణం గోడలో కాల్షియం వచ్చే సన్నని ద్వారాలున్నాయి. దూత వచ్చి పురమాయిస్తే అవి మరిన్ని తెరుచుకుంటాయి. కాల్షియం ఎక్కువగా లోపలికొస్తుంది, గుండె బలంగా బిగుస్తుంది. ఈ కాల్షియం విద్యుత్ ప్రవాహాన్ని హరాల్డ్ రాయిటర్ గొర్రె గుండె తంతువుల్లో కొలిచి 1967లో ప్రకటించారు. దడలోని వేగానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఆ బలం మాత్రం చాలావరకు ఇక్కడిదే.

ఎదురుగా పాము కనబడితే ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. పాము వెళ్ళిపోతుంది, దడ తగ్గుతుంది. ఎండిన బోరు ఎక్కడికి పోతుంది? విత్తనం వేసి, అప్పు తెచ్చి, మబ్బు వంక చూస్తూ నెలల తరబడి కూర్చున్న ఇంట్లో అడ్రినలిన్ తలుపు తడుతూనే ఉంటుంది. అసలే బలహీనపడ్డ గుండెకు ఆ తట్టుడు మరీ చేటు. జేమ్స్ బ్లాక్ 1960లలో ప్రొప్రనలాల్ అనే మందు తయారుచేసి, బీటా గుమ్మానికే అడ్డం నిలబెట్టారు; 1988లో ఆయనకూ నోబెల్ వచ్చింది. ఆ జాతి మందులు ఇప్పుడు గుండె నీరసించినవాళ్ళకూ ఇస్తున్నారు. మీ ఇంట్లో ఎవరైనా అవి వేసుకుంటుంటే, ఒంట్లో బాగుందని డాక్టరును అడగకుండా చటుక్కున మానేయనివ్వకండి.