దోషమా, ఉద్దేశమా?

ఆళ్లగడ్డ పేరు రెండు రకాలుగా రాస్తాం. కొందరు ళకి లవత్తు ఇస్తారు, కొందరు ళవత్తే ఇస్తారు. నంద్యాలలో బస్సు ఎక్కేవాళ్లకి బోర్డు మీద ఏది రాసి ఉన్నా ఒకటే. కంప్యూటరుకి మాత్రం అవి రెండు వేర్వేరు ఊళ్లు. యూనికోడ్‌లో ల సంఖ్య 0సి32, ళ సంఖ్య 0సి33. ఎనిమిది సంకేతాల పేరులో ఒక్కటి, అదీ పక్కింటి అంకెకి జరిగితే చాలు, ఒక ఊరి జనం రెండు ఊళ్ల కింద లెక్కకొస్తారు. ఇది ఎవరి తప్పు? యంత్రానిదా, రాసినవాళ్లదా, లిపిదా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ప్రపంచంలో కొంతమంది తమ తీరిక సమయమంతా ఖర్చు పెడుతున్నారు. వాళ్ల పనికి ఒక చరిత్ర ఉంది. అందులో మన భాషకీ, స్త్రీలకీ ఉన్న చోటు గురించే ఈ వ్యాసం.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి గణాంకాల భాషతో పనేమిటని అడుగుతుంటారు. 1902లో మొదలైన ‘హిందూసుందరి’, 1928లో మొదలైన ‘గృహలక్ష్మి’ వంటి పత్రికల్లో రాసిన స్త్రీల పేర్లు పట్టిక వెయ్యాలంటే చేత్తో అయ్యే పని కాదు. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే స్థోమత జిల్లా కేంద్రాల కాలేజీల్లో తక్కువ. ఉచితంగా దొరికేది ‘ఆర్’. దాని పూర్వరూపం ‘ఎస్’ 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు దాన్ని పోలిన భాషను తయారుచేసి, 1995లో ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే షరతు మీద విడుదల చేశారు. మొదటి పూర్తి రూపం 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. నాలుగేళ్లకోసారి వచ్చే తేదీని ఎంచుకోవడంలోనే వాళ్ల సరదా కనిపిస్తుంది.

అందరిదీ అయిన వస్తువులో లోపం కనబడితే చెప్పుకోవడం ఎవరికి? కంపెనీ లేదు, గుమాస్తా లేడు. ఉన్నది ఒక పుస్తకం. 2010 నుంచి అది బగ్‌జిల్లా అనే వ్యవస్థలో నడుస్తోంది. లోపం చూసినవాళ్లు అందులో రాస్తే దానికో నంబరు పడుతుంది. 2016 నుంచి ఎవరు పడితే వాళ్లు రాయడానికి వీల్లేదు, అడిగి ఖాతా తెరిపించుకోవాలి. చెత్త రాతల బెడద వల్ల పెట్టిన నియమం అది. కారణం సబబే. కాని అడగడానికి సంకోచించేవాళ్లు ఎవరో మనకి తెలుసు.

సాహిత్య విద్యార్థిగా నన్ను ఆకట్టుకున్నది ఆ ఫిర్యాదు రాసే పద్ధతి. తాలూకాఫీసు ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవాళ్ల విద్యకీ దీనికీ చుట్టరికం ఉంది. రెండూ చదివే అధికారి ఓపికని ముందే లెక్కవేసుకుని రాసేవే. తేడా ఏమిటంటే అర్జీలో దైన్యం ఉండాలి, ఇక్కడ అది ఉండకూడదు. ఆర్ వాళ్ల మార్గదర్శకాల్లో ముఖ్యమైన సూత్రం, జరిగింది చెప్పు, నీ ఊహ చెప్పకు అని. ఏ ఆజ్ఞ ఇచ్చావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది, ఏ యంత్రం మీద. ఇంకా ముఖ్యం, అదే లోపం అవతలివాళ్ల దగ్గర కూడా తిరిగి పుట్టించేలా వీలైనంత చిన్న ఉదాహరణ ఇవ్వాలి. కథనంతా చెప్పక్కర్లేదు, పుండు చూపిస్తే చాలు.

ఈ సూత్రం నాకు నచ్చింది, భయమూ వేసింది. నచ్చింది ఎందుకంటే, ఇక్కడ చెప్పేవాళ్ల హోదాతో నిమిత్తం లేదు. రుజువుంటే ఆచార్యుడి కార్యక్రమమైనా తప్పేనని విద్యార్థి చూపించవచ్చు. భయం ఎందుకంటే, తిరిగి పుట్టించలేని కష్టానికి ఈ పద్ధతిలో చోటు లేదు. బగ్‌జిల్లాలో ఫిర్యాదుని మూసేసేటప్పుడు వేసే ముద్రలు కొన్ని ఉన్నాయి. ‘చెల్లదు’, ‘సరిచెయ్యం’, అన్నిటికన్నా మనకు పరిచయమైనది ‘మా దగ్గర బాగానే పనిచేస్తోంది’. కాపురం గురించి చెప్పుకున్న ఆడపిల్లలు ఎంతమంది ఈ మాట వినలేదు!

తెలుగుకి సరిగ్గా ఈ ముద్రే పడింది. విండోస్ మీద ఆర్‌లో ‘నంద్యాల’ అని ఇచ్చి పట్టిక చూపించమంటే, అక్షరాల బదులు కోణపు గుర్తుల మధ్య ‘యు ప్లస్ 0సి28’ అంటూ ఏడు సంకేతాల వరుస వచ్చేది. లైనక్స్ మీదా, మాక్ మీదా పనిచేసేవాళ్లకి శుభ్రంగా నంద్యాలే కనిపించేది. కారణం ఆర్‌లో కొంత, విండోస్‌లో కొంత. తెరమీద చూపించే ముందు ఆర్ అక్షరాలను విండోస్ వాడే స్థానిక సంకేత పట్టికలోకి మార్చేది. ఇంగ్లీషుకీ రష్యన్‌కీ గ్రీకుకీ అలాంటి పాత పట్టికలు ఉన్నాయి. తెలుగుకి అసలు పట్టికే లేదు. అంటే రష్యన్ వాడుకరి కనీసం తన ఇంటి భాషలో పని చేసుకోగలిగాడు, తెలుగు వాడుకరికి ఆ దారి కూడా లేదు. దీన్ని చాలాకాలం దోషం అనలేదు, తెలిసిన పరిమితి అన్నారు. మన ఊళ్లలో కాలేజీల్లోనూ ఇంటర్నెట్ సెంటర్లలోనూ ఉండేవి దాదాపు అన్నీ విండోస్ యంత్రాలే కదా!

2019లో వచ్చిన విండోస్ 10 కొత్త రూపం యూనికోడ్‌నే స్థానిక సంకేతంగా వాడుకునే వీలు కల్పించింది. ఆ తర్వాత ఆర్ ప్రధాన బృందంలోని తోమాష్ కలిబెరా సంవత్సరాల పాటు పనిచేసి, ఆర్‌నూ దాని మీద ఆధారపడే వేలాది ప్యాకేజీలనూ కొత్త పునాది మీదకి మార్చే పని నడిపించాడు. 2022 ఏప్రిల్ 22న విడుదలైన 4.2.0తో విండోస్ మీద తెలుగు తెలుగుగా కనబడింది. అంతకు పద్దెనిమిది రోజుల ముందే, ఏప్రిల్ 4న, కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా ఏర్పడింది, ఆళ్లగడ్డ అందులోకి వచ్చింది. ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. అయినా జిల్లాగా తన పేరు తాను రాసుకునే సమయానికి ఆ పేరు తెరమీద చదవగలిగేలా ఉండటం నాకు సంతోషంగా అనిపించింది.

పోల్చి చూడండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం, కంటికి కనబడని ఒక విభజన సంకేతంతో కలిసి వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. జ్ఞానం మొదటి అక్షరం చూసి ఫోను పడిపోతోందని ప్రపంచమంతా నవ్వుకుంది. ఆపిల్ కంపెనీ అదే నెల 19న సరిచేసింది. ఆ రకం కలయిక బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇదే గొడవ తెచ్చింది కాని వార్తల్లో తెలుగే మిగిలింది. తెలుగు తమని ఇబ్బంది పెట్టినప్పుడు రోజుల్లో బాగైంది, తెలుగువాళ్లు ఇబ్బంది పడినప్పుడు సంవత్సరాలు పట్టింది.

దోషమా ఉద్దేశమా అన్న ప్రశ్న యంత్రాలకే పరిమితం కాదు. ఆళ్లగడ్డలోనే అలాంటిది జరిగింది. 2014 ఏప్రిల్ 24న, ఎన్నికల ప్రచారం మధ్యలో, శోభా నాగిరెడ్డి కారు ప్రమాదం వల్ల చనిపోయారు. నామినేషన్ల గడువు ముగిసిపోయింది, పేరు యంత్రాల్లోకి ఎక్కింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగు వాయిదా పడుతుంది. 1996 సవరణకి ముందు ఏ అభ్యర్థి చనిపోయినా ఆగేది. ఆమె పార్టీ అప్పటికి నమోదైనదే గాని గుర్తింపు పొందినది కాదు. మే 7న పోలింగు జరిగింది, ఎక్కువ ఓట్లొస్తే ఆమెనే గెలిచినట్టు ప్రకటిస్తామని ఎన్నికల సంఘం ముందే స్పష్టం చేసింది, ఆమే గెలిచారు. తర్వాత ఉప ఎన్నికలో కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. చట్టం రాసినవాళ్లు స్వతంత్ర అభ్యర్థుల మరణాలతో ఎన్నికలు పదేపదే ఆగకూడదనుకున్నారు. బలమైన అభ్యర్థి ఉన్న కొత్త పార్టీ వాళ్ల ఊహలో లేదు. కార్యక్రమకర్తలు దీన్ని అంచు సందర్భం అంటారు. ఆజ్ఞ తనకు చెప్పినట్టే నడిచింది, ఎక్కడా ఆగలేదు, ఫలితం మాత్రం ఎవరూ అనుకోనిది.

అంచు సందర్భాన్ని వెతికి పట్టుకునే చూపు వేరు. ఆర్‌లో యాదృచ్ఛికంగా నమూనా తీసే ‘శాంపిల్’ అనే ఆజ్ఞ ఉంది. పొలంలో ఏ మడికి ఏ విత్తనం అన్నది మొదలు, సర్వేలో ఏ ఇంటి తలుపు తట్టాలన్నది దాకా ఇలాంటి చీటీల మీదే ఆధారపడతాం. బర్కిలీలో గణాంక పరిశోధన చేస్తున్న కెలీ ఒటొబొని, ఎన్నికల తనిఖీ పద్ధతులకు పేరుపడ్డ ఫిలిప్ స్టార్క్‌తో కలిసి, ఆ చీటీలు సమానంగా పడటం లేదని 2018లో రాసింది. చిన్న జాబితాల్లో తేడా కనబడదు. జాబితా కోట్లలోకి పోయేకొద్దీ, దశాంశాలను కిందికి దించి పూర్ణసంఖ్య చేసే పద్ధతి వల్ల కొన్ని అంకెలకి ఎక్కువ అవకాశం వస్తుంది. డంకన్ మర్డాక్ చూపిన ఉదాహరణలో, దాదాపు 172 కోట్ల అంకెల నుంచి పది లక్షలు తీస్తే సరిసంఖ్యలు సుమారు నాలుగు లక్షలు, బేసివి ఆరు లక్షలు వచ్చాయి. సగం సగం రావాలి కదా! ఎన్నో ఏళ్లుగా ఎందరో నమ్మిన ఆజ్ఞ అది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన 3.6.0లో మార్చారు. పాత పద్ధతిని చెరిపెయ్యలేదు, పాత ఫలితాలను మళ్లీ రాబట్టాలనుకునేవాళ్ల కోసం ఒక ఐచ్ఛికంగా ఉంచారు. ఈ నిజాయితీ నాకు నచ్చుతుంది.

చెప్పేవాళ్లలో స్త్రీలున్నారు, మార్చే అధికారం ఉన్నవాళ్లలో చాలాకాలం లేరు. 1997లో ఏర్పడిన ప్రధాన బృందంలో మొదటి పాతికేళ్లలో చేరినవాళ్ల జాబితా చూస్తే ఒక్క స్త్రీ పేరు లేదు. 2012లో గాబ్రియేలా డి కేరోజ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఆర్ లేడీస్’ మొదలుపెట్టింది, అది ఎన్నో దేశాలకు పాకింది. హెదర్ టర్నర్ వంటివాళ్లు కొత్తవాళ్లకి లోపాలు వెతకడం, ఫిర్యాదు రాయడం, దిద్దుబాటు పంపడం నేర్పే పని పెట్టుకున్నారు. 2023 ఆగస్టు చివర ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి పని చేయించారు. కంప్యూటర్ల చరిత్రలో లోపం అనగానే 1947లో హార్వర్డ్ యంత్రంలో చిక్కిన చిమ్మెటనీ, ఆ కథని అందరికీ చెప్పిన గ్రేస్ హాపర్‌నీ తలుచుకుంటాం. ఆ మాటని అంతకు ఏడు దశాబ్దాల ముందే ఎడిసన్ ఉత్తరాల్లో వాడాడు. కథ చెప్పడం మాత్రం ఆమెకే మిగిల్చారు.

ఇక నా పట్టిక సంగతి. ఆర్‌లో ‘టేబుల్’ అనే ఆజ్ఞ ఖాళీ గడులను మనం అడిగితే తప్ప లెక్కలోకి తీసుకోదు. తొలినాటి రచయిత్రుల్లో చాలామంది ఇంటిపేరు లేకుండా రాశారు. ఇంటిపేరు వారీగా లెక్కిస్తే వాళ్లంతా మాయం. రెండు పట్టికలను పేరుని బట్టి కలిపే ‘మెర్జ్’ అనే ఆజ్ఞ రెండింటిలోనూ ఉన్నవాళ్లనే మిగిలిస్తుంది, జారిపోయినవాళ్ల గురించి ఒక్క హెచ్చరికా చెయ్యదు. ఒక పత్రికలో పుట్టింటి పేరుతో, ఇంకో పత్రికలో అత్తింటి పేరుతో రాసిన మనిషి ఆ సందులో పడిపోతుంది. ఇంటిపేరు మారని మగవాళ్లు నిక్షేపంగా మిగులుతారు. ఇది దోషమని రాస్తే ‘చెల్లదు’ అని మూసేస్తారు, న్యాయంగానే. అది అలాగే పనిచేస్తుందని పత్రంలో స్పష్టంగా ఉంది, మిగిలినవాళ్లని కూడా ఉంచమని అడిగే వీలూ ఉంది. అడగాలని తెలియాలి, అంతే.

నేను రెండు వరుసలు పెట్టుకున్నాను. ఒకదాంట్లో లెక్క కోసం ఒకే రూపానికి తెచ్చిన పేరు. రెండోదాంట్లో పత్రికలో ఆమె ఎలా సంతకం చేసిందో అలాగే, ‘శ్రీమతి’తో సహా, ఇంటిపేరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఖాళీగా. ఆ ఖాళీలను ముందు లెక్కించమని అడుగుతాను, మిగతా పట్టిక తర్వాత.