ఆఫీసు ఫోనుకు ఆన్సరింగ్ మెషీన్, వాయిస్ మెయిల్: ఎక్కడ కలపాలి, ఎందుకు మొరాయిస్తాయి

హైదరాబాద్‌లో రాత్రి 8:30 అంటే జిద్దాలో సాయంత్రం 6 గంటలు. అక్కడ డ్యూటీ దిగి, కాస్త తీరిక చేసుకుని ఇక్కడి ట్రావెల్స్ ఆఫీసుకో, పిల్లలు చదివే స్కూలుకో, ఇంట్లో పెద్దాయనను చూపిస్తున్న క్లినిక్‌కో ఫోన్ చేసేవాళ్లు చాలామంది. ఇక్కడ అప్పటికే షట్టర్ దిగిపోయి ఉంటుంది. ఫోను మోగి మోగి ఆగిపోతుంది. అమెరికా నుంచి చేసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ల పగలు మనకు రాత్రి. అలాంటి కాల్‌ను అందుకుని, చెప్పిన మాటను తెల్లారేదాకా దాచిపెట్టడానికే ఆన్సరింగ్ మెషీన్, వాయిస్ మెయిల్ వచ్చాయి.

ఇంట్లో ఒకే లైను, ఒకే ఫోను ఉంటే మెషీన్ తగిలించడం రెండు నిమిషాల పని. మూడు నాలుగు లైన్లు, పది పదిహేను ఎక్స్‌టెన్షన్లు ఉన్న ఆఫీసులో మాత్రం అదే మెషీన్ తలనొప్పిగా మారుతుంది. ఒకసారి ఎత్తదు, ఒకసారి ఎత్తి వదలదు, ఇంకోసారి పది నిమిషాల 'కుయ్ కుయ్' శబ్దాన్ని మెసేజ్‌గా రికార్డు చేసి పెడుతుంది. చాలాసార్లు తప్పు మెషీన్‌ది కాదు. దాన్ని కలిపిన చోటు సరిగా లేకపోవడం, అవతలివాళ్లు ఫోను పెట్టేశారన్న కబురు దానికి అందకపోవడం, ఈ రెండే కారణాలు.

ఆలోచన పాతదే. డెన్మార్క్‌కు చెందిన వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగ మీద అయస్కాంత శక్తితో గొంతు రికార్డు చేసే టెలిగ్రాఫోన్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఫోనులో వచ్చిన మాటను దాచిపెట్టడం ఆయన ఉద్దేశాల్లో ఒకటి. కానీ అమెరికాలో టెలిఫోన్ కంపెనీ తన లైనుకు బయటివాళ్ల పరికరాలు కలపనిచ్చేది కాదు. 1968లో కార్టర్‌ఫోన్ కేసు తీర్పుతో ఆ తలుపు తెరుచుకుంది. ఆ తర్వాతే ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి మెషీన్లు విరివిగా వచ్చాయి. గార్డన్ మాథ్యూస్ వాయిస్ మెయిల్ పేటెంట్ 1983లో మంజూరైంది. మన దేశంలో 1992లో ప్రైవేటు కంపెనీలకు తెరిచిన టెలికాం సేవల్లో పేజర్, సెల్‌ఫోన్‌తో పాటు వాయిస్ మెయిల్ కూడా ఉంది. పేజర్ వచ్చి పోయింది, సెల్‌ఫోన్ ఇంటింటికీ చేరింది, వాయిస్ మెయిల్ మాత్రం మనవాళ్లకు అంతగా పట్టలేదు. బీప్ వినగానే ఫోను పెట్టేసే అలవాటు ఇప్పటికీ ఉంది. ఈ అలవాటు గురించి కింద మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మెషీన్‌ను పెట్టే చోటు

ఆన్సరింగ్ మెషీన్ అంటే ఒక లైనును ఎత్తి, ఒక గ్రీటింగ్ వినిపించి, మెసేజ్ రికార్డు చేసుకునే డబ్బా. ఎవరి కోసం కాల్ వచ్చిందో దానికి తెలియదు. వాయిస్ మెయిల్‌లో అయితే ఒక్కో ఉద్యోగికి ఒక్కో పెట్టె, ఒక్కో పిన్ ఉంటాయి. రెండింటినీ ఈపీఏబీఎక్స్‌తో, అంటే మనవాళ్లు ఇంటర్‌కమ్ బాక్సు అని పిలిచే ఆఫీసు ఎక్స్ఛేంజీతో కలపాలి.

అందరికీ ముందు తోచేది, బయటి నుంచి వచ్చే లైను ఇంటర్‌కమ్ బాక్సులోకి వెళ్లకముందే మెషీన్‌ను దానికి పక్కగా తగిలించడం. పని చేస్తుంది, కానీ ఆ ఒక్క లైనుకే. మూడు లైన్లుంటే మూడు మెషీన్లు కావాలి. పైగా బాక్సులో ఆటో అటెండెంట్ ఉంటే, అంటే 'ఎక్స్‌టెన్షన్ నంబర్ నొక్కండి' అని చెప్పే గొంతు ఉంటే, అది ఒకటి రెండు రింగులకే కాల్ ఎత్తేస్తుంది. నాలుగో రింగు కోసం కాచుకున్న మెషీన్‌కు వంతే రాదు. ఒక్కోసారి మెషీన్ ఎత్తాక రిసెప్షన్‌లో కూడా ఎత్తుతారు. అప్పుడు గ్రీటింగ్, రిసెప్షనిస్టు, కాల్ చేసినవాళ్లు ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతుంటారు.

రెండో పద్ధతి మేలు. మెషీన్‌ను ఒక ఎక్స్‌టెన్షన్‌గా బాక్సు వెనుక పెట్టాలి. పగలు ఎవరూ ఎత్తకపోతే కాల్ ఆ ఎక్స్‌టెన్షన్‌కు మళ్లేలా, ఆఫీసు మూశాక నైట్ మోడ్‌లో అన్ని లైన్లూ నేరుగా అక్కడికే వెళ్లేలా ప్రోగ్రామ్ చేయిస్తే ఒకే మెషీన్ అన్ని లైన్లకూ పనికొస్తుంది. ఒకేసారి రెండు కాల్స్ వస్తే రెండోవాళ్లకు ఎంగేజ్ వినిపిస్తుంది, ఆ లోటు మాత్రం ఉంటుంది.

ఇక్కడ చూసుకోవాల్సింది పోర్టు. మేనేజర్ టేబుల్ మీద డిస్‌ప్లే, చాలా బటన్లు ఉన్న పెద్ద ఫోను ఉంటుంది కదా, అది ఆ కంపెనీ సొంత భాషలో బాక్సుతో మాట్లాడుతుంది. ఆ డిజిటల్ పోర్టులో ఆన్సరింగ్ మెషీన్ పెడితే మోగదు, పోర్టుకో మెషీన్‌కో దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది. మెషీన్‌కు కావాల్సింది మామూలు అనలాగ్ ఎక్స్‌టెన్షన్. ఏ పోర్టు ఏదో ఇన్‌స్టలేషన్ చేసిన టెక్నీషియన్‌ను అడిగి తెలుసుకుని, అందులో ముందు మామూలు బటన్ ఫోను పెట్టి చూడాలి. డయల్ టోన్ వచ్చి, కాల్ చేస్తే మోగితే మెషీన్‌కూ సరిపోతుంది.

తర్వాత రింగుల లెక్క. మన రింగు జంటగా వస్తుంది: 0.4 సెకను మోత, 0.2 సెకను విరామం, మళ్లీ 0.4 సెకను మోత, ఆపై 2 సెకన్ల మౌనం. మొత్తం 3 సెకన్లు. ఎక్స్‌టెన్షన్ 5 సార్లు మోగాక కాల్ మెషీన్‌కు మళ్లితే అప్పటికే 15 సెకన్లు అయిపోయాయి. మెషీన్ ఇంకో 4 రింగులు ఆగి ఎత్తితే మరో 12 సెకన్లు. అంటే కాల్ చేసినవాళ్లు దాదాపు అర నిమిషం వినాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఎక్స్‌టెన్షన్ వెనుక పెట్టిన మెషీన్‌ను ఒకటి లేదా రెండు రింగులకే ఎత్తేలా పెట్టుకోవాలి. ఇంటి కోసం ఇచ్చిన నాలుగు రింగుల సెట్టింగును అలాగే వదిలేయడం ఆఫీసుల్లో మామూలుగా కనిపించే పొరపాటు.

పెట్టేశారన్న కబురు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మెసేజ్ చెప్పినవాళ్లు ఫోను పెట్టేశారని మెషీన్‌కు ఎలా తెలుస్తుంది? దానికి కళ్లు లేవు, లైనులో వచ్చే గుర్తును బట్టే తెలుసుకోవాలి. అమెరికాలో చాలా ఎక్స్ఛేంజీలు అవతలివాళ్లు పెట్టేయగానే లైనులోని కరెంటును క్షణకాలం తెంచుతాయి. అక్కడి మెషీన్లు ఆ తెగడాన్ని గుర్తుపట్టి రికార్డింగ్ ఆపేస్తాయి. మన లైన్లలో ఎక్కువగా వచ్చేది ఎంగేజ్ టోన్ మాత్రమే. అది కూడా వేరే రకం. మన ఎంగేజ్ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. అమెరికా టోన్ 480, 620 హెర్ట్జ్ కలిసి అర సెకను చొప్పున వస్తుంది.

బంధువులు షికాగో నుంచో డాలస్ నుంచో ప్రేమగా తెచ్చిచ్చిన మెషీన్ ఇక్కడ తికమకపడేది అందుకే. దానికి మన టోన్ పరిచయం లేదు, మాట అనుకుని రికార్డు చేస్తూనే ఉంటుంది. పొద్దున్నే ఆఫీసు తెరిచేసరికి మెమరీ నిండిపోయి, అసలు మెసేజ్‌లకు చోటుండదు. ఇంకా నష్టం ఏమిటంటే, మెషీన్ వదిలేదాకా ఆ లైను ఎంగేజ్‌లోనే ఉంటుంది. రాత్రి తర్వాత చేసిన ప్రతివాళ్లకూ ఎంగేజ్. ఒక్క లైనున్న క్లినిక్‌కు ఇది చిన్న విషయం కాదు. అన్నట్టు, ఆ మెషీన్ అడాప్టర్ 120 వోల్టులదై ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది.

మెషీన్ ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నప్పుడు కబురు రెండు చేతులు మారాలి. బయటి ఎక్స్ఛేంజీ టోన్‌ను ముందు ఇంటర్‌కమ్ బాక్సు గుర్తుపట్టాలి, ఆ తర్వాత అది మెషీన్‌కు చెప్పాలి. బాక్సులో దేశం సెట్టింగు ఇండియాకు ఉందా, బయటి లైన్ల మీద ఎంగేజ్ టోన్ గుర్తింపు ఆన్ చేశారా అన్నది టెక్నీషియన్‌ను అడిగి తేల్చుకోవాలి. దీనికి తోడు మెషీన్‌లో మెసేజ్ నిడివికి హద్దు పెట్టాలి. 'అపరిమితం' అని ఉంటే తీసేసి 1 లేదా 2 నిమిషాలు పెడితే, టోన్ గుర్తుపట్టకపోయినా లైను అంతసేపటికి విడుదలవుతుంది. కొన్ని మోడళ్లు మౌనం వచ్చిన కొన్ని సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. అది మంచిదే కానీ, ఎంగేజ్ టోన్ మౌనం కాదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

వాయిస్ మెయిల్‌కు కావాల్సిన అదనపు సంగతి

వాయిస్ మెయిల్ పెట్టె కూడా బయటి నుంచి చూస్తే కొన్ని ఎక్స్‌టెన్షన్లే. రెండు పోర్టులది అయితే ఒకేసారి ఇద్దరి మెసేజ్‌లు తీసుకుంటుంది, నాలుగు పోర్టులది నలుగురివి. ఆ పోర్టులను ఒక హంట్ గ్రూపులో పెడితే ఒకటి బిజీగా ఉంటే కాల్ రెండోదానికి వెళ్తుంది.

కానీ ఎక్స్‌టెన్షన్ 23కు వచ్చిన కాల్ ఎవరూ ఎత్తక వాయిస్ మెయిల్‌కు మళ్లినప్పుడు, ఇది 23 కోసం వచ్చిందని దానికెలా తెలియాలి? అనలాగ్ పద్ధతిలో వాయిస్ మెయిల్ ఎత్తగానే ఇంటర్‌కమ్ బాక్సు బటన్లు నొక్కినట్టే 2, 3 టోన్లు వినిపిస్తుంది. అది విని 23 గ్రీటింగ్ పలుకుతుంది. పెద్ద సిస్టమ్‌లలో ఇదే సమాచారం వేరే సీరియల్ కేబుల్ మీద వెళ్తుంది. బాక్సు ఈ టోన్లు పంపేలా ప్రోగ్రామ్ చేయకపోతే, లేదా అది పంపే వరుస వాయిస్ మెయిల్ ఎదురుచూసే వరుసతో కలవకపోతే, అప్పటికే ఒకసారి 23 నొక్కి వచ్చిన మనిషిని మళ్లీ 'మెయిల్‌బాక్స్ నంబర్ నొక్కండి' అని అడుగుతుంది. అక్కడే సగంమంది పెట్టేస్తారు. వేర్వేరు కంపెనీల బాక్సు, వాయిస్ మెయిల్ కొంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. బాక్సు కంపెనీదే వాయిస్ కార్డు దొరికితే, ధర కొంచెం ఎక్కువైనా అది తీసుకోవడం తెలివైన పని.

మెసేజ్ వచ్చిందని ఉద్యోగికి తెలియాలి కదా. వాయిస్ మెయిల్ తనే ఒక కోడ్ డయల్ చేసి ఆ ఫోను మీద లైటు వెలిగిస్తుంది. లైటు లేని మామూలు ఫోను అయితే రిసీవర్ ఎత్తినప్పుడు డయల్ టోన్ తెగి తెగి వస్తుంది. మెసేజ్ విన్నాక ఆర్పడానికి కోడ్ వేరుగా ఉంటుంది. అది పెట్టకపోతే లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది, వారం తిరిగేసరికి దాన్ని చూసేవాళ్లే ఉండరు.

తాళం విషయంలో మాత్రం మొహమాటం వద్దు. వాయిస్ మెయిల్ పిన్‌ను 0000గానో 1234గానో వదిలేస్తే ఎవరైనా బయటి నుంచి వినొచ్చు. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక 2011లో మూతపడిన ఫోన్ హ్యాకింగ్ కుంభకోణంలో జరిగింది ముఖ్యంగా ఇతరుల వాయిస్ మెయిల్‌లోకి దూరి వినడమే. ఆఫీసుకు ఇంకో ప్రమాదం ఉంది. కొన్ని సిస్టమ్‌లలో మెయిల్‌బాక్స్‌లోకి వచ్చినవాళ్లు అక్కడి నుంచి బయటి నంబరుకు కాల్ కలుపుకోవచ్చు. పిన్ ఊహించిన మోసగాళ్లు సెలవు రాత్రుల్లో అలా విదేశీ నంబర్లకు గంటల తరబడి కాల్స్ చేస్తారు, బిల్లు ఆఫీసు పేరు మీద వస్తుంది. వాయిస్ మెయిల్ పోర్టులకు ఐఎస్‌డీ, ఎస్‌టీడీ రెండూ లాక్ చేయించాలి. వెళ్లిపోయిన ఉద్యోగి పెట్టెను అదే రోజు మూసేయాలి.

ఆన్సరింగ్ మెషీన్‌లో తాళం సంగతి వేరు. చాలా మోడళ్లు మెసేజ్ రికార్డవుతుండగానే స్పీకర్‌లో వినిపిస్తాయి. రోగులు కూర్చున్న హాల్లో ఒకరి రిపోర్టు గురించి అందరూ వింటే ఆ మనిషి పరువు ఏమైపోవాలి? వాల్యూమ్ సున్నాకు పెట్టి, మెషీన్‌ను రిసెప్షన్ కౌంటర్ మీద కాకుండా లోపలి గదిలో పెట్టడం మంచిది.

ఇప్పుడు రాగి తీగ పోయి ఫైబర్ వస్తోంది. ఇంటికో ఆఫీసుకో బిగించే ఫైబర్ మోడెమ్‌కు ఫోను జాక్ ఉంటే పాత మెషీన్ దానికీ పనిచేస్తుంది, కాకపోతే కరెంటు పోతే మోడెమ్ ఆగుతుంది, ఫోనూ ఆగుతుంది. మోడెమ్, ఇంటర్‌కమ్ బాక్సు, మెషీన్ మూడింటినీ ఒకే యూపీఎస్ మీద ఉంచాలి. పూర్తిగా ఐపీ ఫోన్లకు మారిన ఆఫీసుల్లో వాయిస్ మెయిల్ విడి డబ్బా కాదు, సర్వర్‌లోని ఒక భాగం. 1999లో మొదలైన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా అది ఉంది, మెసేజ్‌ను ఆడియో ఫైలుగా ఈమెయిల్‌కు పంపుతుంది. రోజంతా బయట తిరిగే యజమానికి ఇదే సుఖం.

ఇక గ్రీటింగ్. బీప్ వినగానే పెట్టేసే అలవాటును కొంతవరకైనా మాన్పించేది అదే. 'మేము అందుబాటులో లేము' అని ఇంగ్లిష్‌లో అరనిమిషం చెప్తే ఎవరూ మాట్లాడరు. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి, ఒక్కోటి పది సెకన్లు మించకుండా, ఏం చెప్పాలో నేరుగా అడగాలి: పేరు, ఫోన్ నంబర్, ఏ పని మీద చేశారు, రేపు ఎన్ని గంటలకు తిరిగి చేయాలి. 'ఆదివారం దాకా ఎవరూ ఉండరు' లాంటి మాట రికార్డు చేయొద్దు, దొంగలకూ ఫోన్లుంటాయి.

అంతా బిగించాక టెక్నీషియన్ వెళ్లకముందే ఒక మొబైల్ నుంచి నాలుగు కాల్స్ చేసి చూడాలి. ఒకటి పూర్తి మెసేజ్ చెప్పి పెట్టేయాలి. రెండోది మాట మధ్యలో. మూడోది గ్రీటింగ్ అయ్యేలోపే. నాలుగోది నైట్ మోడ్‌లో పెట్టి. ప్రతిసారీ పెట్టేసిన వెంటనే అదే నంబరుకు మళ్లీ చేసి, రింగు వస్తుందో ఎంగేజ్ వస్తుందో చూడాలి. ఎంగేజ్ వస్తూ ఉంటే గడియారం పట్టుకుని ఎంతసేపటికి విడుదలవుతుందో రాసుకోవాలి. ఆ అంకె మెసేజ్ హద్దుగా పెట్టిన 1 లేదా 2 నిమిషాలకు సరిగ్గా సరిపోతే, బాక్సు ఎంగేజ్ టోన్‌ను గుర్తుపట్టడం లేదన్నమాట.