దంపుడు బియ్యం, పచ్చి గోధుమలు



మీలో కోలారు, హొసూరు వైపు వాళ్ళు పొద్దున రాగి ముద్ద తిని ఉంటారు. బళ్ళారి, రాయచూరు ఇళ్ళలో జొన్న రొట్టె. రాయగడ, కొరాపుట్ వైపు చోడి అంబలి. ఇక యానాం శ్రోతల సంగతి వేరే చెప్పాలా? గోదావరి నీళ్ళు, మల్లెపువ్వులాంటి తెల్లన్నం. ఒకే భాష మాట్లాడే మనం ఇన్ని రకాలుగా తింటున్నాం. ఈ తేడాలన్నీ రుచికి సంబంధించినవే అనుకుంటాం గాని, నూరేళ్ళ కిందట ఇవి ప్రాణాల మీదికి వచ్చిన సంగతులు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలలో కోస్తా జిల్లాలలో బియ్యపు మరలు వచ్చాయి. రోకటి పోటు తప్పింది. తెల్లవారుజామున లేచి ధాన్యం దంచిన ఆడవాళ్ళ చేతులకు అది నిజమైన ఊరట. ఆ సంగతి మరిచిపోయి దంపుడు బియ్యాన్ని పొగడటం నాకు నచ్చదు. అయితే మర బియ్యంతో పాటు బెరిబెరి జబ్బు కూడా ఎక్కువైంది. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నీరు పడతాయి, చివరికి గుండె నీరసిస్తుంది.

దీని గుట్టు జావా దీవిలో కోళ్ళు చెప్పాయి. 1890లలో అక్కడ పనిచేసిన ఐక్మన్ అనే డచ్చి డాక్టరు, తెల్లటి పాలిషు బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోవడం, ముడి బియ్యం పెడితే లేచి తిరగడం చూశాడు. అసలు కారణం ఆయనకు కూడా వెంటనే తెలియలేదు. తవుడులో పోతున్నది బి1 విటమిన్ అని తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మన వైపు ఈ పరిశోధన కూనూరులో జరిగింది. రాబర్ట్ మెకారిసన్ అనే సైనిక వైద్యుడు నీలగిరి కొండల మీద చిన్నపాటి ప్రయోగశాల పెట్టుకుని ఎలుకలకు దేశంలోని రకరకాల ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. ముడి గోధుమ రొట్టె, పాలు, పప్పు, పచ్చి కూరలు తిన్న ఎలుకలు బాగా పెరిగాయి. మద్రాసు రాజధానిలో పేదలు తినే తిండి, అంటే తెల్లన్నం ఎక్కువ, పాలు కూరలు తక్కువ ఉన్న తిండి తిన్నవి అన్నిటికన్నా వెనకబడ్డాయి. ఆ ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మద్రాసు రాజధానిలో చాలాచోట్ల బియ్యం తినేవాళ్ళే. కాని బెరిబెరి ఎక్కువగా కనబడింది ఉత్తర సర్కారు తీరంలో, అంటే మన తెలుగు కోస్తాలో. అరవ దేశంలో ఎందుకు లేదు? అక్కడివాళ్ళు ధాన్యం ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆ తరవాత ఆడించేవారు. అదే ఉప్పుడు బియ్యం. అలా ఉడికించేటప్పుడు పైపొరలో ఉన్న సారం గింజ లోపలికి ఇంకుతుంది. తరవాత మర ఎంత పాలిషు పట్టినా కొంత మిగులుతుంది. మన కోస్తావాళ్ళు పచ్చి బియ్యం తినేవారు. తవుడుతో సారం పోయేది, నాలుగుసార్లు కడిగితే ఇంకాస్త పోయేది, మిగిలింది గంజితో బయటికి పోయేది.

తమిళనాట ఉంటూ ఉప్పుడు బియ్యం వాసన పడదని వంక పెట్టే తెలుగువాళ్ళను నేను చాలామందినే చూశాను. పొరుగువాళ్ళ ఆ వాసనే ఒక జబ్బును ఆపిందంటే నమ్మరు.

ఇలా ఒకవైపు ప్రయోగశాలలో ఎలుకల లెక్కలు సాగుతుంటే, మరోవైపు మన రాజమహేంద్రవరంలో ఇంకో ఆలోచన నడుస్తోంది. ప్రకృతి వైద్యం మీద తెలుగువాళ్ళకు మొదటినుంచీ మక్కువ. జర్మనీవాడైన లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. 1929 వేసవిలో గాంధీగారు ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు రాజమహేంద్రవరంలో ప్రకృతి వైద్యశాల నడుపుతున్న సుందరం గోపాలరావుగారు ఆయన్ను కలిశారు. తొట్టిస్నానాలు మంచివే కాని చాలవు, అసలు నిప్పు మీద వండటమే మానాలి, పశుపక్ష్యాదుల్లా పచ్చిగానే తినాలి అని ఆయన వాదన.

గాంధీగారికి ఇది కొత్త కాదు. 1893 ఆగస్టులో ప్రిటోరియాలో ఉండగా పచ్చి తిండి ప్రయత్నించి, పదకొండు రోజులకే వదిలేశారు. అయినా గోపాలరావుగారి మాట ఆయన్ను మళ్ళీ కదిలించింది. పర్యటనలోనే మొదలుపెట్టి, సబర్మతి వెళ్ళాక కూడా సాగించారు. ఆశ్రమవాసులు కొందరు ఆయనతో చేరారు. మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, నూరిన బాదం పప్పు 8 తులాలు, దంచిన పచ్చి ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. ఇదీ రోజుకు ఆయన భోజనం. నిప్పు తగిలింది నీళ్ళకు మాత్రమే. ఈ లెక్కలన్నీ జూన్‌లో యంగ్ ఇండియాలో అచ్చువేశారు.

ఆగస్టు వచ్చేసరికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. ప్రయోగం ఆగిపోయింది. మేకపాలు మళ్ళీ మొదలుపెట్టారు. దేశమంతా తన మాట వింటున్న మనిషి, తిండి విషయంలో ఓడిపోయానని అదే పత్రికలో రాశారు. నాకు ఆయన నిమ్మకాయల లెక్క కన్నా ఈ ఒప్పుకోలే ఎక్కువ నచ్చింది. ఆ ఏడాదే ఐక్మన్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. కాకతాళీయమే అనుకోండి.

2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక మన వైపు కూడా కొత్త ఉత్సాహం వచ్చింది. మా వీధిలో ఒకాయన అన్నం పూర్తిగా మానేసి, మూడుపూటలా కొర్రలూ మొలకలే అని పట్టుబట్టాడు. రెండు నెలలకు కడుపు మొరాయించింది. కొర్రలది తప్పంటారా? ఆయన తాత కూడా కొర్రన్నం తిన్నాడు, కాని పక్కన పప్పు ఉండేది, మజ్జిగ ఉండేది, పండగనాడు వరి అన్నమూ ఉండేది.

గాంధీగారు తిండి మీద ఆసక్తి వదల్లేదు. 1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టాక దంపుడు బియ్యం, బెల్లం, ఆకుకూరల గురించి పల్లెలకు విసుగు లేకుండా చెప్పారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి ఆరోగ్యం మీద చిన్న పుస్తకం రాస్తూ, కూర్చుని పనిచేసేవాళ్ళకు ఒక రోజు తిండి లెక్క వేశారు. ఆవుపాలు 2 పౌన్లు, గోధుమ, వరి, సజ్జ అన్నీ కలిపి 6 ఔన్సులు, ఆకుకూర 3, ఇతర కూరలు 5 ఔన్సులు. నెయ్యి ఉంది, బెల్లం ఉంది, పళ్ళు ఎవరి ఓపికను బట్టి వారికి. పదమూడేళ్ళ కిందట పళ్ళెమంతా నిండిన పచ్చి కూర ఈ లెక్కలో 1 ఔన్సుకు దిగింది. నిమ్మకాయలు ఆరు పోయి రెండు మిగిలాయి.