కొండ మీది చూపు వెనక పూటకూళ్ల ఇల్లు

జర్మనీ నైరుతి మూలనున్న బ్లాక్ ఫారెస్ట్‌లో కొండెక్కి నాలుగు దిక్కులూ చూడటం అనాదిగా వస్తున్న ప్రకృతి ప్రేమే అనుకుంటాం. నా లెక్కలో అందులో వ్యాపారం పాలూ తక్కువేం కాదు. అక్కడి నడక సంఘం ష్వార్జ్‌వాల్డ్‌ఫెరైన్‌ను 1864లో ఫ్రైబుర్గ్‌లో స్థాపించింది పారిశ్రామికులూ, పూటకూళ్ల యజమానులూ. తమ అడవికి పేరు తేవడమే వారి ఉద్దేశం. 1887లో హెల్లెన్‌టాల్ లోయగుండా రైలొచ్చింది. 1900లో ఫోర్ట్స్‌హైమ్ నుంచి బాసెల్ దాకా, సుమారు 285 కిలోమీటర్ల వెస్ట్‌వేగ్ బాట వేశారు. దాని గుర్తు పేకముక్క మీది డైమన్‌లాంటి ఎర్ర బొమ్మ.

కవులూ చిత్రకారులూ అడవి మీద మోజు ముందే పెంచారు కదా అనవచ్చు. నిజమే. కానీ మోజుపడ్డవాడికీ దారి తెలియాలి, రాత్రికి పడక దొరకాలి, చెట్లు అడ్డొచ్చేచోట ఎక్కడానికి బురుజు కావాలి (ఇవేవీ కవిత్వంతో రావు!). ఆ ఎర్ర గుర్తులను ఇప్పటికీ సంఘం స్వచ్ఛంద కార్యకర్తలే చూసుకుంటున్నారు.