మంచు చదును యంత్రాల ఆపరేటర్లు: ఒక వృత్తి చరిత్ర

స్కీ కేంద్రాల్లో కొండవాలు మీది మంచును ప్రతి రాత్రీ తొక్కి, తిరగేసి, చదును చేసే గొలుసు చక్రాల బండిని నడిపేవారు మంచు చదును యంత్ర ఆపరేటర్లు. అమెరికాలో ఈ బండిని స్నో గ్రూమర్ అనీ స్నోక్యాట్ అనీ అంటారు. మన దేశంలోని స్కీ కేంద్రాల్లో స్నో బీటర్ అన్న పేరు వాడుకలో ఉంది. వృత్తి వయసు 70 ఏళ్ళకు కాస్త అటూ ఇటూ. ఇన్నేళ్ళలో యంత్రం గుర్తు పట్టలేనంతగా మారింది కానీ, పని నేర్చుకునే దారి పెద్దగా మారలేదు. ట్రాక్టరో, డోజరో, అడవిలో కలప లాగే బండో నడిపిన చెయ్యి ఇక్కడ ఇట్టే కుదురుకుంటుంది. పక్క సీట్లో కూర్చుని చూడటమే మొదటి పాఠం.

కాళ్ళతో తొక్కిన రోజులు

కురిసిన మంచు కురిసినట్టే ఉంటే దాని మీద అందరూ జారలేరు. మెత్తటి మంచులో కొత్తవాళ్ళ స్కీలు కూరుకుపోతాయి. నలుగురూ ఒకే చోట మలుపు తిప్పితే అక్కడ గుంతలు పడి, వాటి పక్కన గుట్టలు లేస్తాయి. తొలిరోజుల్లో దీనికి విరుగుడు మనుషుల కాళ్ళే. స్కీలు అడ్డంగా పెట్టి పక్కకు అడుగులేస్తూ వాలంతా తొక్కేవారు. అలా తొక్కిన కుర్రాళ్ళకు పైకి తీసుకెళ్ళే లిఫ్టు టికెట్టు ఉచితంగా ఇచ్చిన కేంద్రాలున్నాయి. ఈ వృత్తికి తొలి జీతం ఆ టికెట్టే అనుకోవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత స్కీకి జనం పెరిగారు, కాళ్ళు చాలలేదు. కొలరాడోలోని వింటర్ పార్క్ కేంద్రాన్ని 1950 నుంచి నడిపిన స్టీవ్ బ్రాడ్లీ ఒక పనిముట్టు తయారుచేశాడు. ముందు గుట్టలను గీకే పలక, వెనక బద్దలతో చేసిన రోలరు, అంతే. దానికి ఇంజను లేదు. ఒక మనిషి స్కీల మీద నిలబడి దాన్ని పట్టుకుని వాలు మీద కిందికి జారాలి, మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. కాలు తప్పితే వందల కిలోల ఇనుము వెనకనుంచి మీద పడుతుంది. బ్రాడ్లీ ప్యాకర్ గ్రేడర్ అని పేరుపడిన ఆ పనిముట్టుతో కొందరు వరుసగా, ఒకరి వెనక ఒకరు కొంచెం పక్కకు జరిగి దిగేవారు. ఇప్పటి యంత్రాలు కూడా విశాలమైన వాలు మీద అదే మెట్ల వరుసలో నడుస్తాయి. వాలు నిర్వహణకు పితామహుడని బ్రాడ్లీని అమెరికాలో గౌరవంగా చెప్పుకుంటారు.

బండ్లు వచ్చాక

మంచు మీద నడిచే బండ్లు స్కీ కోసం పుట్టలేదు. కెనడాలోని క్యూబెక్‌లో జోసఫ్ ఆర్మండ్ బాంబార్డియర్ అనే మెకానిక్కు 1934 చలికాలంలో తన పసి కొడుకును మంచు దాటించి ఆస్పత్రికి చేర్చలేక పోగొట్టుకున్నాడు. మూడేళ్ళకు ఏడుగురు కూర్చునే మంచు బండిని అమ్మకానికి తెచ్చాడు. ఆయన కంపెనీ 1953లో తెచ్చిన మస్కెగ్ ట్రాక్టరు బురద నేలల కోసం చేసినదైనా స్కీ వాలులకూ ఎక్కింది. అమెరికాలో ఎమిట్ టక్కర్ 1942లో నాలుగు గొలుసు చక్రాల స్నోక్యాట్ కంపెనీ పెట్టాడు.

ఈ బండ్లకు పెద్ద పరీక్ష అంటార్కిటికాలో జరిగింది. వివియన్ ఫుక్స్ బృందం 1957–58లో నాలుగు టక్కర్ స్నోక్యాట్లతో ఆ ఖండాన్ని అడ్డంగా 99 రోజుల్లో దాటింది. అటు చివరినుంచి ఎదురొచ్చిన ఎడ్మండ్ హిల్లరీ, అంటే ఎవరెస్టు ఎక్కిన హిల్లరీయే, 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది మామూలు ఫెర్గూసన్ పొలం ట్రాక్టర్లకు గొలుసులు తొడిగి. మన పల్లెల్లో తిరిగే మాసీ ఫెర్గూసన్‌కు పూర్వీకులు ఆ ట్రాక్టర్లే. పొలం పని వచ్చినవాడు మంచు మీద పనికొస్తాడా అన్న ప్రశ్నకు అంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

1960ల్లో యూరప్ రంగంలోకి దిగింది. ఇటలీ ఆల్ప్స్‌లో కారు పందేలు ఆడే ఎర్న్‌స్ట్ ప్రినోత్ తన గ్యారేజీలో మంచు యంత్రాలు మొదలుపెట్టాడు. జర్మనీలో బస్సులు తయారుచేసే కేస్‌బోరర్ కంపెనీ 1969లో పిస్టెన్‌బుల్లీ అనే ఎర్ర బండిని తెచ్చింది. అమెరికాలో రాకెట్ ఇంజన్లు చేసే థయొకోల్ కూడా చాలాకాలం స్నోక్యాట్లు చేసింది. 1978లో ఆ విభాగాన్ని కొన్నది సొంత పేరుతో కారు తెచ్చిన జాన్ డెలోరియన్. ఆ వ్యాపారం 2000లో ఆగిపోయింది. నేటి మార్కెట్టులో ప్రధానంగా మిగిలినవి ఆ జర్మన్ ఎర్ర బండి, ప్రినోత్ పేరు.

యంత్రం చేసే పని

పెద్ద యంత్రం బరువు పది టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంజను 400 గుర్రపు శక్తికి పైమాటే. అయినా వెడల్పాటి గొలుసుల వల్ల మంచు మీద అది మోపే ఒత్తిడి మనిషి పాదం మోపేదానికంటే తక్కువ. ముందున్న పలక గుట్టలను కోసి గుంతల్లోకి తోస్తుంది. వెనకనున్న టిల్లర్ మన రోటవేటర్ లాగా పళ్ళున్న ఇరుసుతో గిర్రున తిరుగుతూ గడ్డలను పొడి చేస్తుంది. దాని వెనక వేలాడే దువ్వెన పట్టీ సన్నని చాళ్ళు గీస్తుంది. తెల్లవారి స్కీ చేసేవాళ్ళు ఆశగా చూసేది ఆ చాళ్ళనే.

పని రాత్రి చేయడానికి కారణం జనం లేకపోవడం ఒక్కటే కాదు. తిరగేసిన మంచు రేణువులు మళ్ళీ ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి కొన్ని గంటల చలి కావాలి. ఆ గడువు ఇవ్వకుండా జనాన్ని వదిలితే చేసిన పని మధ్యాహ్నానికే చెదిరిపోతుంది. అందుకే సాయంత్రం లిఫ్టులు ఆగాక ఒక షిఫ్టు, అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా మరో షిఫ్టు నడుస్తాయి. ఏ వాలు ముందు, ఏది చివర అన్నది ఆ రాత్రి చలిని బట్టి, మంచు తడిని బట్టి నిర్ణయించాలి. అది పుస్తకంలో దొరకదు.

ఉద్యోగంలో చేరడం

అమెరికాలో ఈ పనికి సాధారణంగా ప్రత్యేకమైన ప్రభుత్వ లైసెన్సు అడగరు, బండి రోడ్డెక్కదు కనుక. ఫ్రాన్సులో వృత్తి అర్హత పత్రం ఉంది. కొలరాడో మౌంటెన్ కాలేజీ లెడ్‌విల్ శాఖలో, మిషిగన్‌లోని గోజెబిక్ కాలేజీలో స్కీ కేంద్రాల నిర్వహణ కోర్సులున్నాయి. గోజెబిక్ విద్యార్థులకు చదువుకునే చోటే సొంత స్కీ కొండ ఉంది. అయినా చాలామంది లిఫ్టు దగ్గర కూలీగానో, వర్క్‌షాపులో గ్రీజు పూసే సహాయకుడిగానో చేరి, ఖాళీ దొరికినప్పుడు సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్ళే.

మొదట పాత బండి, చదునైన చోటు ఇస్తారు. రెండు గొలుసులకూ వేరువేరు హైడ్రాలిక్ పంపులుంటాయి కాబట్టి ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి బండిని ఉన్నచోటే తిప్పవచ్చు. కొత్తవాడు సరదాపడి అలా తిప్పితే మంచు చిరిగి మట్టి పైకొస్తుంది. మొదటి తిట్లు దానికే. పలక అంచునుంచి ఒలికిన మంచు గట్టులా మిగలకుండా, ముందటి వరస మీద కొంచెం ఎక్కించి నడపడం తర్వాతి పాఠం. అనుభవాన్ని ఏళ్ళలో కాక బండి నడిపిన గంటల్లో లెక్కేసే కేంద్రాలు ఎక్కువ. ఉత్తరార్ధగోళంలో చలికాలం ముగియగానే న్యూజీలాండ్ వెళ్ళి ఏడాదికి రెండు చలికాలాలు పనిచేసి, ఆ గంటలను త్వరగా పోగేసుకునేవారున్నారు.

నిటారు వాలు మీద వించ్ యంత్రం వేరే అంతస్తు. పైన ఒక కొక్కేనికి ఉక్కు తాడు కట్టి, కిలోమీటరు దాకా వదులుతూ చుడుతూ బండి నడుస్తుంది. బిగుసుకున్న ఆ తాడు చీకట్లో కనబడదు. మూసిన వాలు మీదికి దొంగతనంగా వచ్చిన స్కీయర్లు దానికి తగిలి చనిపోయిన సందర్భాలున్నాయి. అందుకే అనుభవం లేనివాడికి వించ్ అప్పగించరు. బండి దిగేముందు పార్కింగ్ బ్రేకు వేయాలన్నది మరో పాత నియమం. అవెంజర్స్ సినిమాల్లో హాక్ఐగా కనిపించే జెరెమీ రెన్నర్ 2023 జనవరి 1న నెవాడాలో తన సొంత స్నోక్యాట్ కింద పడ్డాడు. బ్రేకు వేయకుండా దిగాడని పోలీసు విచారణలో తేలింది. జారుతున్న ఆరున్నర టన్నుల బండి మేనల్లుడి మీదికి పోకుండా ఆపబోయి 30కి పైగా ఎముకలు విరగ్గొట్టుకుని బతికాడు.

ఇటీవల ఉపగ్రహ సంకేతాలతో గొలుసు కింద మంచు ఎంత లోతుందో తెర మీద చూపే పరికరాలు వచ్చాయి. కృత్రిమ మంచు తయారీ ఖర్చుతో కూడింది కనుక యజమానులకు ఇవి నచ్చాయి. కొండ ఆనవాళ్ళు కంఠతా వచ్చిన పాత ఆపరేటర్ల విద్యలో కొంత భాగాన్ని ఇవి లాక్కున్నాయనడం అబద్ధం కాదు.

భారతదేశంలో

గుల్మార్గ్‌లో స్కీ క్లబ్బు 1927లో పుట్టింది. అక్కడి గొండోలా రోప్‌వే మొదటి దశ 1998లో, రెండో దశ 2005లో తెరుచుకున్నాయి. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగాయి. జర్మనీనుంచి తెచ్చిన స్నో బీటర్లు అక్కడి వాలులను సవరించాయి. అయితే ఈ కేంద్రాల్లో యంత్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, ఉద్యోగాలూ అంతే.

ఈ పనికి పనికొచ్చే చెయ్యి మాత్రం మంచు లేని ఊళ్ళోనూ తయారవుతుంది. కర్ణాటకలోని రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకా జాలహళ్ళి వంటి ఊళ్ళో మంచు ఊసే లేదు, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కానీ గొలుసు బండి కొత్త కాదు. నారాయణపుర కుడి కాలువ నీళ్ళు ఈ తాలూకాకు అందుతాయి. అంతకు ముందే తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు ఆంధ్ర జిల్లాలనుంచి వచ్చిన రైతులు క్యాంపులు కట్టుకుని వరి వేశారు. తడి మడిలో దిగబడకుండా కోసే చైన్ మిషన్ల మీద హెల్పరుగా చేరి ఆపరేటరైన కుర్రాడు నేర్చుకున్నదీ, లిఫ్టు కూలీగా మొదలైన కొలరాడో కుర్రాడు నేర్చుకున్నదీ ఒక జాతి విద్యలే. మెత్తటి నేల మీద బరువును పరచడం, అవసరం లేని మలుపు తిప్పకపోవడం రెండింటికీ మూలం.

అలాంటివారికి మన దేశం తరఫున మంచు మీద బండి నడిపే పని స్కీ కేంద్రంకంటే అంటార్కిటికాలో దొరికే వీలు ఎక్కువ. అక్కడ 1989నుంచి ఉన్న భారత పరిశోధన కేంద్రం మైత్రికి సముద్రపు ఒడ్డు మంచు పలక మీదనుంచి ఇంధనం, సరుకులు చేర్చేది పిస్టెన్‌బుల్లీలే. స్లెడ్జిలు తగిలించుకుని, పగుళ్ళు తప్పించుకుంటూ అవి వరసగా నడుస్తాయి. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం ఈ యాత్రలకు శాస్త్రవేత్తలతో పాటు వాహన మెకానిక్కులను, యంత్రాల ఆపరేటర్లను కూడా ఒప్పంద పద్ధతిలో తీసుకుంటుంది. ఎంపికైనవారు వైద్య పరీక్షలు దాటాక, బయలుదేరేముందు ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసుల సంస్థలో మంచు శిక్షణ పొందుతారు. ఆ సంస్థ ఉన్నది ఔలీలోనే.