తులసి వాసన - పండు ఈగ

గోదావరి యొడ్డున గల ఏటూరునాగారములో గాని, మరి యే తెలుగు పల్లెలో గాని, మచ్చలేని మామిడిపండును కోసినప్పుడు లోపల తెల్లని పురుగులు కనబడుట మనకు అనుభవమే. ఇవి పండు ఈగ పిల్లలు. ఆడ ఈగ సూదివంటి అంగముతో కాయను గ్రుచ్చి లోపల గ్రుడ్లు పెట్టును. పురుగు గుజ్జులో దాగియుండుటచే పైన చల్లిన మందు దానికి తగులదు. కావున ఈగనే పట్టవలెను. అందులకు తగిన ఉపాయము మన దేశముననే అనుకొనకుండ దొరకినది.

అప్పుడు బీహారులోని పూసాయందలి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థలో హౌలెట్ అను కీటక శాస్త్రజ్ఞు డుండెను. ఆయన పొరుగువా రొకరు దోమల బాధ తొలగుటకై చేతిరుమాలుపై సిట్రొనెల్లా గడ్డి నూనె చల్లుకొనగా ఈగలు వచ్చి ముసరెను. హౌలెట్ పరీక్షించి చూడగా అవి పండు ఈగలు, అన్నియు మగవే! ఈ సంగతి నాతడు 1912లో ప్రకటించెను. మిథైల్ యూజినాల్ అను పదార్థమునకు ఇట్టి ఆకర్షణశక్తి కలదని 1915లో తెలిపెను. ఈ పదార్థము మన పెరటి తులసిలోను కలదు.

మగవి మాత్రమే యేల రావలెను? ఆడ ఈగకు ఇట్టి వాసనయే యుండునేమో యని తోచుట సహజము. కాని నిజము వేరు. మగ ఈగ ఆ పదార్థమును తినును. దాని శరీరము దానిని వేరు సుగంధ పదార్థములుగా మార్చి, పాయువు చెంతనున్న గ్రంథిలో నిలువచేయునని 1988లో నిషిడా, టాన్ మున్నగువారు కనుగొనిరి. సందెవేళ మగ ఈగ ఆ పరిమళమును వెదజల్లి ఆడ ఈగను పిలుచును. మిథైల్ యూజినాల్ తినిన మగ ఈగలకే జతలు ఎక్కువగా కుదిరినవని 1994లో హవాయిలో షెల్లీ, డ్యువైర్ అనువారు చూపిరి. అనగా మగ ఈగ మొక్క యొద్దకు వచ్చుట ప్రియురాలిని వెదకుచు కాదు. ఆమెకై అత్తరు కూర్చుకొనుటకు!

ఆ అత్తరునే ఎరగాచేసి, విషముతో కలిపి, 1960 దశకమున పసిఫిక్ సముద్రములోని రోటా ద్వీపమున ఈ ఈగను నిర్మూలించిరి. నేడు మన మామిడి తోటలలో వ్రేలాడు ఎరబుట్టల మూలసూత్ర మిదియే. 2014లో ఐరోపా సమాఖ్య పండు ఈగ కారణముగా మన మామిడిని నిషేధించి, 2015లో ఆ నిషేధమును తొలగించినది. ఈగ ఎంత చిన్నదైనను నష్ట మెంత పెద్దదో దీనివలన తెలియును.

ఒక్క హెచ్చరిక. ఎరలో పడునవి మగవి మాత్రమే. మిగిలిన కొలది మగ ఈగలే అనేకమగు ఆడ ఈగలతో జతకూడగలవు. కావున ఒక తోటలో ఎర కట్టిన చాలదు. ఊరంతయు కట్టవలెను, రాలిన పండ్లను ఏరి పూడ్చవలెను.

విద్యార్థులారా! మామిడి కాపు కాలమున నలిపిన తులసి యాకులను చెట్టుక్రింద నుంచి చూడుడు. వచ్చి వ్రాలిన ఈగలను లెక్కింపుడు. వాటిలో సూదివంటి అంగము గల ఆడ ఈగ యెన్నియో పరిశీలింపుడు.